రెండో గొంతు

పదేళ్ల కిందటి మాట. మా కాలనీలో వార్డు సమావేశం పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, ముందు వరసలో పెద్దలు. ఒకాయన చేసిన పనుల జాబితా చదువుతున్నాడు. మూడో వీధిలో మురుగు కాలువ పూర్తయిందని చదవగానే వెనక వరసలోంచి రిటైరైన మాష్టారొకాయన లేచారు. "నేనుండేది ఆ వీధిలోనే బాబూ. ఆ కాలువ ఎక్కడుందో కాస్త చూపిస్తారా?" అన్నారు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "మాష్టారూ, ఎండగా ఉంది, కూర్చోండి" అన్నారు ఇంకెవరో. ఆయన చుట్టూ ఒకసారి చూశారు. ఆ చూపు నా దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను సెల్‌ఫోన్ తీసి ఏదో మెసేజ్ చదువుతున్నట్టు నటించాను. అక్కడ కాలువ లేదని నాకూ తెలుసు. రోజూ ఆ బురద దాటుకునే మా అమ్మాయిని స్కూలు దగ్గర దింపేవాణ్ణి.

మీటింగు అయ్యాక టీ కొట్టు దగ్గర అందరం ఆయన చుట్టూ చేరాం. "బాగా అడిగారు మాష్టారూ!" "మీలాంటివాళ్లు ఉండాలండీ!" ఆయన టీ డబ్బులివ్వడానికి నలుగురం పోటీపడ్డాం. షామియానా కింద నోరు తెరవడానికి మాత్రం ఒక్కరమూ పోటీపడలేదు.

ధైర్యం గురించి చెప్పే పుస్తకాలకు మన దగ్గర కొదవ లేదు. ముందు నిలబడు, నాయకుడివైపో, సింహంలా గర్జించు అంటాయవి. ఈ సింహాల గోలతో నాకు మొదట్నించీ పేచీయే. మనలో చాలామందిమి సింహాలం కాం, ఈఎంఐలు కట్టుకునే మనుషులం. పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు, ఇరుగుపొరుగుతో రోజూ అవసరాలు. అయినా మొదట లేచి అడిగేవాడు ప్రతి ఊళ్లోనూ ఒకడు ఉంటాడు. చాదస్తం అనండి, నిజాయితీ అనండి, పోయేదేమీ లేదన్న తెగింపు అనండి, ఎలాగోలా ఒకడు లేస్తాడు. కరువంతా రెండోవాడికే. ప్రజాస్వామ్యం కోసం మీరేం చేయగలరని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదొక్కటే: రెండోవాడిగా లేవడం నేర్చుకోండి.

గీతలు చెప్పిన గుట్టు

1951లో అమెరికాలో సాల్మన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఓ ప్రయోగం చేశాడు. ఒక గదిలో కొందరు కుర్రాళ్లు. వాళ్ల ముందు ఒక కార్డు మీద గీత, ఇంకో కార్డు మీద వేర్వేరు పొడవుల్లో మూడు గీతలు. మొదటి గీతతో సమానమైనది ఏదో పైకి చెప్పాలి. ఒకటో తరగతి పిల్లాడైనా చెప్పేస్తాడు. కిటుకేమిటంటే, ఆ గదిలో ఒక్కడు తప్ప తక్కినవాళ్లంతా ఆష్ మనుషులే. కూడబలుక్కుని తప్పు చెబుతారు. ఆ తర్వాత మన అమాయకుడి వంతు వస్తుంది.

ఒంటరిగా అడిగితే నూటికి ఒక తప్పు కూడా రాని పరీక్ష అది. గుంపులో కూర్చోబెడితే సుమారు మూడోవంతు జవాబులు గుంపు చెప్పిన తప్పుతోనే కలిశాయి. కన్ను ఒకటి చెబుతుంటే నోరు ఇంకొకటి చెప్పింది.

ఇంతవరకూ చాలామంది విన్నదే. నాకు నచ్చింది ఆ తర్వాత జరిగింది. ఆష్ తన మనుషుల్లో ఒకణ్ణి మార్చి, నిజం చెప్పేవాణ్ణి కూర్చోబెట్టాడు. అంతే, గుంపుకు లొంగి చేసే తప్పులు నాలుగోవంతుకు పడిపోయాయి. ఇంకా విచిత్రం, ఆ ఒక్కడు గుంపుతో విభేదించి వేరే తప్పు జవాబు చెప్పినప్పుడు కూడా మనవాడికి గొంతు పెగిలింది. గోడకు ఒక పగులు పడితే చాలు, అది ఎవరు కొట్టారో, ఎంత ఒడుపుగా కొట్టారో చూసేవాడెవడూ లేడు. "నాకు మాట్లాడటం సరిగా రాదండీ" అని తప్పుకునేవాళ్లు ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

మరో పదేళ్లకు యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ ఇంకా ఘాటైన ప్రయోగం చేశాడు. ప్రయోగశాలలో కోటు వేసుకున్న పెద్దమనిషి, "కొనసాగించండి" అని చెబుతుంటే, పక్క గదిలోని మనిషికి కరెంటు షాకు ఇస్తూ పోవాలి. షాకు ఉత్తదే, ఇచ్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 40 మందిలో 26 మంది ఆఖరి మీట, 450 వోల్టులు, దాకా వెళ్లారు. మరో విడతలో పక్కన ఇద్దరు తోటివాళ్లను కూర్చోబెట్టి, మధ్యలో వాళ్లు "మావల్ల కాదు" అని లేచిపోయేలా ఏర్పాటు చేశాడు. ఈసారి ఆఖరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే. ఆ నగరం వాళ్లే, ఆ కాలం వాళ్లే. వాళ్ల పెంపకమూ రాత్రికి రాత్రి మారిపోలేదు. పక్క కుర్చీలోంచి "వద్దు" అన్న మాట వినబడింది, అంతే.

ధైర్యం ఒకడి రక్తంలో ఉంటుంది, ఇంకొకడి రక్తంలో ఉండదు అనుకుంటాం. ఈ లెక్కలు చూస్తే పక్కవాడి నోట్లో కూడా కొంత ఉంటుందని తెలుస్తుంది. మీ పక్కవాడికి పక్కవాడు మీరే.

కుర్చీలోంచి లేచినవాళ్లు

1986 ఫిబ్రవరి 7న ఫిలిప్పీన్స్‌లో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఒకవైపు ఇరవై ఏళ్లుగా గద్దె దిగని ఫెర్డినాండ్ మార్కోస్. మరోవైపు కొరజాన్ అకినో. ఆమె భర్త, మార్కోస్‌కు గట్టి ప్రత్యర్థి అయిన బెనిగ్నో అకినోను 1983లో విమానం దిగుతుండగానే కాల్చి చంపారు. ఓట్ల లెక్కింపు రాజధాని మనీలాలో, పెద్ద సమావేశ మందిరంలో, ఎన్నికల సంఘం ఆధ్వర్యంలో సాగుతోంది. వరసగా కంప్యూటర్లు, వాటి ముందు అంకెలు ఎక్కించే ఉద్యోగులు, ఎదురుగా అందరికీ కనబడేలా పెద్ద బోర్డు.

రెండో రోజుకి ఆ ఉద్యోగులకు అనుమానం వచ్చింది. తాము ఎక్కించిన అంకెలకూ బోర్డు మీద కనబడుతున్న అంకెలకూ పొంతన లేదు. మార్కోస్ ముందుకు పోతున్నాడు, వాళ్ల లెక్కల్లో అలా లేదు. ఫిబ్రవరి 9 రాత్రి దాదాపు 35 మంది తమ కుర్చీల్లోంచి లేచారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. లిండా కపునన్ అనే అధికారి ముందు నడిచారు. విలేకరులూ విదేశీ పరిశీలకులూ చూస్తుండగా మందిరంలోంచి బయటికి నడిచి వచ్చేశారు. తలదాచుకోవడానికి ఒక చర్చికి వెళ్లారు.

అంతే వాళ్లు చేసింది. నినాదాలు లేవు, బల్లలు తిరగేయలేదు. ఆ నడక చూసినవాళ్లకు ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది. కూడికలు చేసేవాళ్లే మా కూడిక ఇది కాదంటుంటే బోర్డును ఎవరు నమ్ముతారు? ఫిబ్రవరి 25న మార్కోస్ దేశం విడిచి పారిపోయాడు. ఆ 35 మంది వల్లే పారిపోయాడంటే అబద్ధమవుతుంది. లక్షల మంది ఎడ్సా రహదారి మీదికి వచ్చారు, సైన్యం చీలింది, చర్చి పెద్దలు జనం పక్షాన నిలిచారు. కానీ రోడ్ల మీద అంత జనం చేరడానికి రెండు వారాల ముందే ఈ ఉద్యోగులు కుర్చీలు వదిలారు.

నాకు ఆ సంఘటనలో ముచ్చట గొలిపేది ఇంకొకటి ఉంది. వాళ్లు మోసాన్ని పట్టుకోగలిగింది తమ పని తమకు క్షుణ్ణంగా తెలుసు కనుక. పనిలో డొల్లగా ఉన్నవాడికి తేడా కనబడదు. కనబడినా "నాదే పొరపాటేమో" అని సర్దుకుపోతాడు. నైతిక ధైర్యం కావాలంటే ముందు మీ పని నేర్చుకోండి. క్లర్కయితే ఫైలు, ఇంజినీరయితే కొలతల పుస్తకం, టీచరయితే హాజరు పట్టీ. మీ చేతి కింది అంకె మీకు తెలిసి ఉంటే, దాన్ని మార్చమన్నప్పుడు మీ గొంతు వణకవచ్చు గానీ తడబడదు.

వేలిముద్ర నాది కాదు

అంత దూరం ఎందుకు, అనంతపురం జిల్లాకే వద్దాం. 2006 ఫిబ్రవరి 2న బండ్లపల్లి గ్రామంలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పథకం చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. పనులన్నింటినీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలంది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే వదిలేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం ఒళ్లు వంచి అమలుకు దిగింది. ఆ ఆలోచన పుట్టింది రాజస్థాన్‌లో. 1994లో అక్కడి కూలీల సంఘం ఊళ్లలో బహిరంగ విచారణలు పెట్టి, పంచాయతీ బిల్లులు అందరి ముందూ చదివించింది. నాలుగో తరగతితో చదువు ఆపేసిన ఆ సంఘం కార్యకర్త ఒకామె, కొడుక్కి పది రూపాయలిచ్చి అంగడికి పంపితే లెక్క అడుగుతాను, నా పేరున ఖర్చుపెట్టే ప్రభుత్వాన్ని అడగనా అని ఢిల్లీలో విలేకరులను నిలదీసిందట. సమాచార హక్కు చట్టం మీద ఇంతకంటే మంచి ఉపన్యాసం నేను వినలేదు.

మన దగ్గర ఈ తనిఖీ ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు ధైర్యమంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. కూలీల కుటుంబాల్లోంచే చదువుకున్న కుర్రాళ్లను ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. సొంత ఊరికి కాక వేరే ఊరికి పంపిస్తారు. వాళ్లు కూలీల హాజరు రాసిన మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. "ఫలానా వారం మీరు ఆరు రోజులు పని చేసినట్టుంది, చేశారా? డబ్బు ఇంత వచ్చినట్టుంది, వచ్చిందా?" చెరువు పూడిక తీసిన చోట టేపు పట్టి కొలుస్తారు. ఊళ్లో లేనివాళ్ల పేర్లూ, కాలం చేసినవాళ్ల పేర్లూ మస్టర్లో పని చేస్తూ దొరికిన సందర్భాలు ఉన్నాయి. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారులు, ప్రజాప్రతినిధులు, పోస్టుమ్యాన్, ఫీల్డ్ అసిస్టెంట్, అందరూ అక్కడే ఉంటారు.

ఇప్పుడు ఒక కూలీ తల్లిని ఊహించుకోండి. మైకు ఆమె చేతికిచ్చి, "అమ్మా, ఈ వేలిముద్ర నీదేనా?" అని అడుగుతారు. ఎదురుగా ఫీల్డ్ అసిస్టెంట్. రేపు పని కావాలంటే వెళ్లి అడగాల్సింది ఆయన్నే. ఒకే ఊరు, ఒక్కోసారి ఒకే వీధి. నిజం చెబితే ఆమెకు ఎవరూ శాలువా కప్పరు. అయినా "నాది కాదయ్యా" అని చెప్పిన ఆడవాళ్లు ఉన్నారు. ఒకరు చెప్పాక పక్కనామె లేచి "నాదీ కాదు" అంటుంది. మూడో ఆమెకు ఇక మైకు కూడా అక్కర్లేదు. తప్పు ఒప్పుకుని, తిన్న డబ్బు జనం ముందే తిరిగిచ్చినవాళ్లూ ఆ వేదికల మీద ఉన్నారు.

అంతా సవ్యంగా ఉందని చెప్పను. తనిఖీల్లో బయటపడిన దుర్వినియోగంతో పోలిస్తే వసూలైంది కొంచెమే. కొన్నిచోట్ల ప్రజావేదిక మొక్కుబడి తంతుగా మారింది. ఆ తప్పు మైకు పట్టుకున్న ఆమెది మాత్రం కాదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అంతకు ముందే ఇలాంటిది జరిగింది. 1990ల మొదట్లో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలు దిద్దుతూ, సారా వల్ల ఇల్లు గుల్లయిన సీతమ్మ కథ పాఠంలో చదివారు. అది తమ కథేనని గుర్తుపట్టారు. ఆ ఊరి రోశమ్మ ముందుకొచ్చింది, వెనకాల ఊళ్లో ఆడవాళ్లంతా కదిలారు. ఊళ్లోకి సారా బండి రానివ్వలేదు. పక్క ఊరు వింది, ఆ పక్క ఊరు వింది. జిల్లాలో సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చరిత్రలో రోశమ్మ పేరు నిలిచింది, నిలవాలి కూడా. నాకు మాత్రం ఆమె వెనక రెండో అడుగు వేసిన ఆవిడ ఎవరో తెలుసుకోవాలని ఉంటుంది. ఆ రాత్రి ఇంటికెళ్లి, తాగొచ్చిన మొగుడికి ఏం జవాబు చెప్పిందో అని.

రెండో గొంతు లేనప్పుడు

ఇదంతా చదివి, లేచినవాళ్లందరికీ చప్పట్లు పడతాయని అనుకోకండి. వెల ఉంటుంది. ఆ సంగతి దాచిపెట్టి ధైర్యం నూరిపోసేవాళ్లను నమ్మకండి.

1976 ఏప్రిల్ 28. ఎమర్జెన్సీ రోజులు. విచారణ లేకుండా జైల్లో పెట్టిన మనిషి కోర్టు తలుపు తట్టవచ్చా అన్నది ప్రశ్న. దేశంలో తొమ్మిది హైకోర్టులు తట్టవచ్చనే అన్నాయి. సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు తట్టకూడదన్నారు. ఒక్క హెచ్.ఆర్. ఖన్నా కాదన్నారు. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన్ను దాటుకుని జూనియర్‌కు వెళ్లింది. ఆయన రాజీనామా చేశారు. ఆనాటి నలుగురిలో ఒకరైన పి.ఎన్. భగవతి, ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఆ తీర్పు పొరపాటేనని బహిరంగంగా చెప్పుకున్నారు. 2017లో సుప్రీంకోర్టే ఆ తీర్పును కొట్టేసింది. న్యాయమూర్తులు మామూలు పౌరులు కారు, నిజమే. కానీ టీ కొట్టు దగ్గర "బాగా అడిగారు మాష్టారూ" అనడానికీ, ముప్ఫై అయిదేళ్ల తర్వాత పొరపాటైందనడానికీ పోలిక నాకు కనబడుతుంది. రెండూ మీటింగు అయిపోయాక చెప్పిన మాటలే.

ఆ ఎమర్జెన్సీలోనే స్నేహలతా రెడ్డి బెంగళూరు జైల్లో నెలల తరబడి ఉబ్బసంతో విలవిల్లాడారు. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన మన పట్టాభి భార్య ఆవిడ, నటి. పెరోల్ మీద బయటికొచ్చిన కొద్ది రోజులకే, 1977 జనవరి 20న చనిపోయారు.

సత్యేంద్ర దూబే జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరు. స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాస్తూ, తన పేరు బయటపెట్టవద్దని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా చేతులు మారింది. 2003 నవంబర్‌లో గయలో అతణ్ణి కాల్చి చంపారు. ముప్ఫై ఏళ్లు. ఒంటరి గొంతును నొక్కేయడం సులువు. అదే ఫిర్యాదు మీద పదిమంది సంతకాలుంటే ఎవరి మీద పగబట్టాలో తేల్చుకోవడమే కష్టం. రెండో గొంతు కావాలనడంలో నీతి ఎంత ఉందో, లెక్క కూడా అంతే ఉంది. అది మొదటివాడికి కవచం.

రూలు తెలిసినవాడి ధైర్యం వేరు

2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా. పదిన్నర ప్రాంతంలో అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనబడి సైనిక పాలన ప్రకటించాడు. ఆ దేశంలో పాత రోజులు చూసినవాళ్లకు ఆ మాట వింటే 1980 నాటి గ్వాంగ్జూ గుర్తొస్తుంది. సైన్యం వందల మంది పౌరుల్ని బలి తీసుకున్న ఊరది. ఇళ్లలో తలుపులు వేసుకుంటారని ఎవరైనా అనుకుంటారు. జనం చెప్పులేసుకుని, కోట్లు తగిలించుకుని, పార్లమెంటు భవనం దగ్గరికి పరుగెత్తారు.

పార్లమెంటుకే ఎందుకు? వాళ్ల రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది. సభ్యుల్లో సగానికి మించి ఓటేసి అడిగితే అధ్యక్షుడు సైనిక పాలన ఎత్తేయాల్సిందే. ఆ సంగతి జనానికి తెలుసు. కనుక ఆ రాత్రి పని ఏమిటో కూడా స్పష్టంగా తెలుసు: సభ్యులు లోపలికి వెళ్లాలి, సైనికులు ఆలస్యం కావాలి. 67 ఏళ్ల స్పీకర్ గోడ దూకి లోపలికెళ్లాడు. జనం సైనిక వాహనాలకు అడ్డం నిలబడ్డారు. లోపల సిబ్బంది తలుపులకు సోఫాలూ బల్లలూ అడ్డుపెట్టారు. అర్ధరాత్రి దాటాక ఒంటి గంటకు 190 మంది సభ్యులు హాజరై, 190 ఓట్లతో తీర్మానం నెగ్గించారు. తెల్లవారుజామున నాలుగున్నరకు సైనిక పాలన ఎత్తేశారు. ఆరు గంటల్లో ముగిసిపోయింది. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం యూన్‌ను పదవి నుంచి తొలగించింది.

ఆ జనం ఆవేశంగా వచ్చారు, నిజమే. కానీ రూలు తెలిసి వచ్చారు. మనకు మన రూళ్లు ఎన్ని తెలుసు? మీరు పోలింగ్ బూత్‌కు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేశారనుకోండి. నూటికి తొంభై మంది తిట్టుకుంటూ ఇంటికొచ్చేస్తారు. మీరెవరో రుజువు చేసుకుంటే టెండర్ ఓటు ఇవ్వాలి. కాగితం బ్యాలట్ ఇచ్చి, మీరు గుర్తు పెట్టాక విడిగా కవర్లో పెడతారు. మామూలు లెక్కింపులో అది కలవదు, కోర్టు అడిగినప్పుడు బయటికొస్తుంది. అయినా ఆ కవరు పడిందంటే ఆ బూత్‌లో దొంగ ఓటు పడినట్టు సర్కారు కాగితం మీదికి ఎక్కినట్టే. అడగండి. మీ వెనక క్యూలో ఉన్నాయన అడుగుతుంటే ఆయన పక్కన నిలబడండి, "టైమ్ అవుతోంది సార్, త్వరగా కానివ్వండి" అని గొణక్కండి.

గ్రామసభలో, అపార్ట్‌మెంట్ సంఘంలో, సొసైటీ మీటింగులో గొడవ పడక్కర్లేదు. "నా అభ్యంతరం మినిట్స్ బుక్కులో రాయండి" అంటే చాలు. కలం కదిలితే గది స్వరం మారుతుంది. ఆఫీసులో పాత తేదీ వేసి సంతకం పెట్టమన్నారా? అనుభవమున్న హెడ్ క్లర్కులు చెప్పే మంత్రం ఒకటుంది: "అలాగే సార్, ఒక చిన్న మెయిల్ పెట్టండి, చేసేస్తా." ఆ మెయిల్ రాదు, పని కూడా ఆగిపోతుంది. ఎవరినీ ఎదిరించినట్టూ ఉండదు. సమాచార హక్కు దరఖాస్తు ఇంటి పక్కవాడు పెడుతుంటే మీరూ అదే ప్రశ్నతో ఇంకొకటి పెట్టండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాల్సిన అధికారికి ఒక పేరు బదులు రెండు పేర్లు కనబడతాయి.

ఓటుకు నోటు సంగతి ఇంకా ఇబ్బంది. తీసుకోవడం కూడా నేరమేననీ, ఏడాది దాకా జైలు పడవచ్చుననీ చట్టం చెబుతుంది. అసలు చిక్కు చట్టంతో కాదు, కవరు పట్టుకొచ్చే మనిషితో. వాడు బయటివాడా? మన బాబాయి కొడుకే. పొద్దున పాలు లేకపోతే వాళ్లింటికే గ్లాసు పట్టుకెళతాం. పెద్ద ఉపన్యాసం ఇస్తే చుట్టరికం చెడుతుంది. "మా ఇంటి పేరు లిస్టులోంచి తీసెయ్ రా తమ్ముడూ, నీ మీద నాకేం లేదు, కాఫీ తాగి వెళ్లు" అనండి. ముందురోజే ఎదురింటివాళ్లతో మాట్లాడుకుని రెండిళ్లూ ఒకే మాట మీద ఉంటే ఇంకా తేలిక. ఆ వీధిలో "వాళ్లకేదో పిచ్చి" అన్న పేరు ఒక్కరికి కాకుండా ఇద్దరికి వస్తుంది. పంచుకుంటే పిచ్చి కూడా బరువు తగ్గుతుంది.

మనవాళ్ల మీద అడగగలరా?

ఒక హెచ్చరిక. రెండోవాడిగా లేవడమంటే ఎవడు లేచినా తోక పట్టుకోవడమని కాదు. అడిగినవాడి పార్టీ, కులం, అతని అభిమాన హీరో ఇవన్నీ పక్కన పెట్టి ప్రశ్నను మాత్రం చూడండి. కాలువ ఉందా లేదా? అంతవరకే. మన పార్టీ అధికారంలో లేనప్పుడు ప్రశ్నించడానికి ఏ ధైర్యమూ అక్కర్లేదు, అది వినోదం. మనవాళ్లు గద్దె మీద ఉండగా, మన కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెదనాన్న పంపిన అబద్ధపు వీడియో కింద "ఇది పాతది పెదనాన్నా, వేరే ఊరిది" అని మర్యాదగా రాయడం ఉందే, అది కష్టం. ఎవరైనా అలా రాశాక కింద బొటనవేలు బొమ్మ పెట్టడం కూడా కొందరికి కష్టమే. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మొదట్లో చెవులు వేడెక్కుతాయి. గుండె చప్పుడు పక్కవాడికి వినబడుతుందేమో అనిపిస్తుంది. అందరికీ అంతే. అందుకే వాక్యాలు ముందే నోట్లో ఆడించుకుని ఉంచుకోండి, ఆ క్షణంలో వెతుక్కుంటే దొరకవు. పెద్దవి అక్కర్లేదు. "నేనూ చూశాను." "నా ప్రశ్నా అదే." "ఆయన అడిగినదానికి ముందు జవాబు చెప్పండి." ఒకటి రెండు మూడు లెక్కపెట్టేలోపు కుర్చీలోంచి లేవండి. నాలుగు దాటిందా, సెల్‌ఫోన్ చేతిలోకి వస్తుంది. ఈ సంగతి అనుభవం మీద చెబుతున్నాను.

అక్టోబర్ 2న మీ ఊళ్లో గ్రామసభ ఉంటే వెళ్లండి. ఎవరో ఒకరు లేస్తారు. టీ కొట్టు దాకా ఆగకండి.

మా మూడో వీధిలో మురుగు కాలువ ఆ తర్వాత రెండేళ్లకు వచ్చింది. ఎవరు తిరిగి తెచ్చారో నాకు తెలియదు. నేను మాత్రం కాదు.